మారిన వానలకి ఊరు తట్టుకోవాలంటే: రైతులకి సాయం చేసేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

వాతావరణం మారిపోయిందని రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదండి, మనకంటే ముందు వాళ్ళకే తెలిసింది. విత్తనం పడగానే వాన మొహం చాటేయడం, పూత మీదున్నప్పుడు ఎండ దంచేయడం, తీరా కోత టైంకి కుండపోత, ఇవన్నీ వాళ్ళు చూస్తూనే ఉన్నారు. కాబట్టి ప్రొజెక్టర్ పట్టుకెళ్ళి గ్లోబల్ వార్మింగ్ మీద క్లాస్ పీకుదాం అనుకుంటే అది మానేయండి. మీరు ఆ ఊరివాళ్ళైనా, బయటి నుంచి వెళ్ళినవాళ్ళైనా పని ఈ వరసలో చేస్తే కాస్త ఫలితం ఉంటుంది.

1. ముందు కూర్చుని అడగండి

"వానలు తగ్గాయా?" అని అడిగితే అందరూ తగ్గాయనే అంటారు, దాంతో మనకి తెలిసేది ఏమీ ఉండదు. "విత్తాక ఎన్ని రోజులు బెట్ట పెట్టింది, అప్పుడు పంట ఏ దశలో ఉంది?" అని అడగండి. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు, అందుకే పడినప్పుడు కుమ్మేస్తుంది, మధ్యలో గ్యాప్‌లు సాగుతాయి, ఏడాది మొత్తం లెక్క చూస్తే వాన బాగానే పడినట్టు ఉంటుంది కానీ చేలో పంట మాత్రం మాడిపోయి ఉంటుంది.

ఆడవాళ్ళతో విడిగా మాట్లాడండి, చాలా చోట్ల విత్తనం దాచేదీ కలుపు తీసేదీ వాళ్ళే, మీటింగ్‌లో మాత్రం వెనక కూర్చుంటారు. కౌలుకి చేసేవాళ్ళని అస్సలు మర్చిపోవద్దు. గట్టు వేయమనీ చెట్లు నాటమనీ వాళ్ళకి చెప్పడం ఈజీనే, కానీ వచ్చే ఏడాది ఆ పొలం చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి ఎందుకు చేస్తాడు చెప్పండి?

2. ఒక సీసాతో వాన కొలవండి

ఇది పిల్లలైనా చేస్తారు. పక్కలు నిటారుగా ఉన్న ప్లాస్టిక్ సీసా తీసుకుని పైభాగం కోసి, మూత తీసేసి, దాన్ని తలకిందులుగా గరాటులా అందులోనే పెట్టండి. సీసా అడుగు వంకర టింకరగా ఉంటుంది కదా, అక్కడ గులకరాళ్ళు వేసి అవి మునిగేదాకా నీళ్ళు పోసి ఆ గీతని సున్నా అనుకోండి. పక్కన స్కేల్ అంటించేయండి. చెట్టు కిందా చూరు కిందా కాకుండా ఓపెన్‌గా ఉన్న చోట పెట్టి రోజూ పొద్దున ఒకే టైంకి చూసి నోట్‌బుక్‌లో రాయాలి, మళ్ళీ నీళ్ళు సున్నా గీతకి తేవాలి. 1 మి.మీ. వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు, హెక్టారుకి 10,000 లీటర్లు. ఈ లెక్క తెలిశాక మాత్రం జనం సీసా వైపు ఇంకోలా చూస్తారు.

3. పడిన నీళ్ళని పొలంలోనే ఆపండి

నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. వాలు పొలంలో గట్టు గానీ కందకం గానీ వాలుకి అడ్డంగా, ఒకే ఎత్తులో పోవాలి. ఆ లైన్ కనిపెట్టడానికి ఖరీదైన మిషన్లేం వద్దు. రెండు మీటర్ల కర్రలు రెండు పైన కలిపి కట్టి, మధ్యలో ఒక అడ్డకర్ర కట్టి, పై ముడి నుంచి దారంతో ఒక రాయి వేలాడదీయండి. దాన్ని నిలబెట్టి కాళ్ళున్న చోట పుల్లలు పాతి, దారం అడ్డకర్రని ఎక్కడ తాకిందో గుర్తు పెట్టండి. తర్వాత కాళ్ళు అటూ ఇటూ మార్చి అదే పుల్లల దగ్గర నిలబెట్టి ఇంకో గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య సరిగ్గా సగం దగ్గర గీసిన గీతే మీ లెవెల్. ఇక ఒక కాలు కదపకుండా రెండో కాలు జరుపుతూ, దారం ఆ గీత మీదకి వచ్చిన చోటల్లా పుల్ల పాతుకుంటూ పోవడమే.

మేం మొదటిసారి ఈ కాళ్ళు మార్చే పని ఎందుకులే అని వదిలేశాం. లైన్ మొత్తం ఒక పక్కకి వాలింది, మొదటి గట్టి వానకే నీళ్ళన్నీ కందకం చివరికి పోయి గట్టుని తెంపేశాయి, రెండు రోజుల చాకిరీ గంటలో కొట్టుకుపోయింది.

నేల గట్టిపడి బండలా ఉంటే గుంతల పద్ధతి చూడండి. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో యాకూబా సవడోగో అనే రైతు, అక్కడివాళ్ళు 'జై' అని పిలిచే పాతకాలపు విత్తే గుంతల్ని ఇంకాస్త పెద్దగా చేసి, ఎండాకాలంలోనే తవ్వి పశువుల ఎరువు వేసి, ఎవరూ పట్టించుకోని బంజరులో పంటా అడవీ రెండూ పెంచాడు, 2018లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు కూడా వచ్చింది. గుంత 20 నుంచి 40 సెం.మీ. వెడల్పు, 10 నుంచి 20 సెం.మీ. లోతు ఉంటే చాలు. ఎరువు కోసం చెదలు వచ్చి నేలలో బొరియలు చేస్తాయి, వాన నీళ్ళు వాటిలోంచి లోపలికి దిగుతాయి. చెదలు మనకి పని చేసి పెట్టడం అంటే ఇదే మరి.

ఒక జాగ్రత్త. నీటి కుంట తవ్వి దాన్ని బోరు నీళ్ళతో నింపితే అది సాయం కాదు, భూమిలో ఉన్న నీళ్ళని ఎండకి పెట్టి ఆవిరి చేయడం. డ్రిప్ కూడా అంతే, మిగిలిన నీళ్ళతో ఇంకో రెండెకరాలు వేస్తే బోరు మళ్ళీ అడుగంటుతుంది.

4. వరి వేసే చోట ఒక గొట్టం పాతండి

30 సెం.మీ. గొట్టానికి కింది సగంలో చుట్టూ రంధ్రాలు పెట్టి, ఆ సగం మడిలోకి దించి, లోపలి మట్టి తీసేయండి. నాటు బాగా కుదురుకున్నాక, గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెం.మీ. కిందికి దిగేదాకా నీళ్ళు పెట్టక్కర్లేదు. పూతకి వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం మడి తడిలోనే ఉండాలి. దీనితో 30 శాతం దాకా నీళ్ళు మిగులుతాయి, మడిలో నిలవ నీళ్ళ వల్ల పుట్టి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు కూడా తగ్గుతుంది. కాకపోతే నీళ్ళు మన చేతిలో ఉన్న చోటే ఇది కుదురుతుంది. కాలువ నీళ్ళు వంతులవారీగా వచ్చే చోట, మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలియని రైతుని ఆగమంటే ఆగడు, ఆగకూడదు కూడా.

5. విత్తనం ఒక్కదాని మీదే పందెం కాయొద్దు

తొందరగా కోతకొచ్చేది కొంత, ఆలస్యంగా వచ్చేది కొంత వేయించండి. ఊళ్ళో పాత రకాలు ఎవరి దగ్గరైనా ఉంటే కొద్దిగా తెచ్చి ఆరబెట్టి, గాలి చొరబడని డబ్బాల్లో పేరూ తేదీ రాసి దాచండి. రెండు వారాల దాకా ముంపుని తట్టుకునే వరి రకాలు ఇప్పుడు ఉన్నాయి కదా, వాటికి ఆ గుణాన్నిచ్చే సబ్1 అనే జన్యువు వచ్చింది ఒడిశా నాటు రకం ఎఫ్‌ఆర్13ఎ నుంచే. ఆ గింజల్ని ఎవరూ దాచకపోయి ఉంటే ఈ రకాలూ ఉండేవి కావు.

6. కొత్తది ఏదైనా చిన్న ముక్కలోనే

పొలంలో పదో వంతు చాలు. పక్కనే రైతు ఎప్పుడూ చేసే పద్ధతి ఉండాలి, లేకపోతే తేడా ఎలా తెలుస్తుంది? పంట పోతే నష్టం ఎవరిదో ముందే తేల్చుకోండి, సలహా ఇచ్చిన మనకి జీతమో మంచి పేరో మిగులుతుంది, రైతుకి అప్పు మిగులుతుంది. ఆ చిన్న ముక్క నష్టం మీ గ్రూపే భరిస్తుందని మొదటిరోజే చెప్పగలిగితే ముందుకొచ్చేవాళ్ళు వస్తారు.

వాతావరణ సూచనల వాట్సాప్ మెసేజ్‌లు ఫార్వర్డ్ చేసి ఊరుకోవద్దు, కింద ఏం చేయాలో ఒక్క లైన్ రాయండి: "రేపు గట్టి వాన అంటున్నారు, యూరియా వేయొద్దు, మందు కొట్టొద్దు" ఇలా. వడగాలి రోజుల్లో పని పొద్దున్నే మొదలుపెట్టించి మధ్యాహ్నం ఆపించాలి, పశువులకి నీడా నీళ్ళూ చూసుకోవాలి.

పంట ఇంటికొచ్చాక వాన నోట్‌బుక్ తీసి, చిన్న ముక్కలో ఎంత పండింది, పక్కదాంట్లో ఎంత పండింది, ఎక్కడ గట్టు తెగింది, అన్నీ అందరి ముందూ చదవండి. పని చేయనిదాన్ని అక్కడే కొట్టేయండి. ఈ కూర్చోవడం మాత్రం మళ్ళీ దుక్కులు మొదలవ్వకముందే అయిపోవాలి, నాగలి కదిలాక పిలిచినా ఎవరూ రారు.