ఆర్థర్ కథను ముసలి సైనికుడి చేత చెప్పించాలంటే

బ్రిటన్ వీరగాథల రాజు ఆర్థర్ కథని, ఆయన పక్షాన పోరాడిన ఒక ముసలి సైనికుడి నోట రాస్తున్నారా? ముందు ఆ మెరిసే ఇనుప కవచాలు తీసి పక్కన పెట్టండి. లాన్సెలాట్ అనే వీరుడు, కేమలాట్ అనే ఆర్థర్ కోట 12వ శతాబ్దపు ఫ్రెంచి కావ్యాల్లోంచి వచ్చినవే, ఆర్థర్ వీరులు కూర్చునే గుండ్రటి బల్ల కూడా కథలోకి వచ్చింది 1155లోనే. మీ కథ జరిగేది 500 ప్రాంతంలో. బ్రిటన్‌లో రోమన్ పాలన 410 ప్రాంతంలోనే పోయింది, తూర్పున జర్మనీ వైపు నుంచి వచ్చిన శాక్సన్లు పాతుకుపోయారు, మిగిలిన చిన్న చిన్న రాజులకేమో ఒకరంటే ఒకరికి పడదు.

ఇక అసలు పని ముసలాయనది. ఆయన ఎక్కడ నిలబడితే అక్కడి నుంచి కనిపించిందే చెప్పాలి. నేను మొదటిసారి రాసినప్పుడు ఆర్థర్ శాక్సన్లని ఓడించాడనే బేడన్ యుద్ధమంతా గుట్ట మీద నుంచి చూసినట్టు చెప్పించాను, తీరా చూస్తే మావాడు రెండో వరసలో డాలు పట్టుకుని ఉన్నాడు! అక్కడి నుంచి ఏం కనిపిస్తుంది? ముందువాడి వీపు, కాళ్ళ కింద బురద, డాళ్ళ సందులోంచి దూసుకొచ్చే ఈటె మొన. కత్తి ఉందంటే కాస్త కలిగినవాడే, మామూలువాళ్ళకి ఈటే, డాలే. గెలిచామన్న సంగతి కూడా ఆయనకి సాయంత్రం ఎవరో చెబితేనే తెలియాలి.

829 ప్రాంతంలో రాసిన ఒక లాటిన్ చరిత్ర ఆర్థర్‌ని రాజు అనదు, రాజులతో కలిసి పోరాడిన సేనానాయకుడంటుంది. అదే పుస్తకం బేడన్‌లో ఒక్క దాడిలో 960 మందిని ఒంటిచేత్తో చంపాడనీ అంటుంది. ఇలాంటి లెక్కని ఒక పాటగాడు ముసలాయన ముందే పాడితే ఏమంటాడు? నవ్వుతాడా, లేక తనే దానికి ఇంకో నలభై కలుపుతాడా? ఆ సీన్ రాసి చూడండి, ఆయనెలాంటివాడో మీకే తెలిసిపోతుంది.

వాస్తవంగా రాయాలని ఆర్థర్ కథల్లోని మాంత్రికుడు మెర్లిన్‌ని తీసేయక్కర్లేదు. మంత్రం పనిచేసిందో లేదో మీరు తేల్చకండి, ముసలాయన మాత్రం నమ్మాలి, ఆ కాలపు మనిషి కదా. పొగమంచు కమ్మితే శాపమే అంటాడు.

ఆర్థర్ చివరి యుద్ధం కామ్లాన్ విషయం మాత్రం మొదటి వాక్యం రాయకముందే తేల్చుకోండి. వేల్స్ వార్షిక వృత్తాంతాల్లో 537 కింద ఆర్థర్, తర్వాతి కథల్లో ఆయనకి ద్రోహం చేసిన మెడ్రాట్ అక్కడ పడిపోయారనే ఉంది, ఒకరినొకరు చంపుకున్నారని లేదు. ఇద్దరూ ఒకే పక్షమైతే మెడ్రాట్ పేరు పలికేటప్పుడు ముసలాయన గొంతు ఒకలా ఉంటుంది, ద్రోహి అయితే ఇంకోలా. ఆ పేరు మొదటి పేజీలోనే వచ్చేస్తుంది మరి.