ఇంజినీరింగ్ సీటు: నాలుగేళ్ల ఖర్చు ఎలా లెక్కేయాలి, డబ్బు ఎలా సమకూర్చుకోవాలి?

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చిన రోజు నుంచి ఇంట్లో మాటలన్నీ బ్రాంచి చుట్టూ, కాలేజీ పేరు చుట్టూ తిరుగుతాయి. డబ్బు సంగతి సీటు ఖరారయ్యాక, ఫీజు కట్టే గడువు నెత్తిమీదికి వచ్చాక గుర్తొస్తుంది. అప్పటికి చేతిలో మిగిలే దారి చేబదులో, వడ్డీ వ్యాపారో. కౌన్సెలింగ్‌లో కావాల్సిన కాలేజీలను వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టకముందే ఖర్చు లెక్క ముగించాలి. ఏ కాలేజీని జాబితాలో ఎన్నో స్థానంలో పెట్టాలో ఆ లెక్క కూడా చెబుతుంది.

1. నాలుగేళ్లకూ కలిపి రాయండి

ఒక తెల్ల కాగితం తీసుకుని, ఆప్షన్లలో పెట్టాలనుకున్న ఒక్కో కాలేజీకి ఒక్కో వరుస కేటాయించండి. ముందు ట్యూషన్ ఫీజు రాయండి. ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ కోటా (ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లు) ఫీజును ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. తెలంగాణలో ఆ పని చేసేది ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్. ఏ కాలేజీకి ఎంతో కౌన్సెలింగ్ సమయంలో బయటపెడతారు. ఫోన్ చేసి సీటు గురించి చెప్పే ఏజెంటు మాట కాకుండా ఆ అంకెనే రాసుకోండి.

యూనివర్సిటీ కాలేజీ కదా, ఫీజు తక్కువే ఉంటుందని ధీమాగా ఉండకండి. ఒకే ప్రాంగణంలో రెగ్యులర్ కోర్సుకు ఒక ఫీజు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుకు అంతకు కొన్ని రెట్లు ఫీజు ఉండవచ్చు. డీమ్డ్ వర్సిటీల ఫీజులైతే వాటి ఇష్టం. ఏటా పెంచుతారా లేదా అన్నది రాతపూర్వకంగా అడగండి.

తర్వాత హాస్టల్, మెస్, కాలేజీ బస్సు, పరీక్ష ఫీజులు, ల్యాప్‌టాప్, పుస్తకాలు, పండగలకు ఇంటికి వచ్చిపోయే ఛార్జీలు. ఊరు దాటి చదివే పిల్లలకు చాలాసార్లు ట్యూషన్ ఫీజు కన్నా ఇవే ఎక్కువవుతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ (విద్యార్థి ఫీజును ప్రభుత్వం చెల్లించే పథకం) వస్తుందన్న ధైర్యంతో ఈ పద్దులను వదిలేసిన ఇళ్లే రెండో ఏడాదికి ఇబ్బందిపడతాయి. సాంఘిక సంక్షేమ, బీసీ సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్లలో చోటు దొరుకుతుందేమో ముందుగా విచారించండి. ఒక్క ఈ మార్పుతో నాలుగేళ్ల లెక్క చాలా తగ్గిపోతుంది.

2. రీయింబర్స్‌మెంట్ పోగా మిగిలేది చూడండి

మొత్తం ఫీజు ప్రభుత్వమే కడుతుందన్న నమ్మకం ఇప్పటికీ చాలామందిలో ఉంది. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడిన వర్గాల) విద్యార్థుల్లో 10,000 లోపు ర్యాంకు వచ్చినవారికి పూర్తిగా, మిగతావారికి ఏటా 35,000 వరకు వస్తుంది. 18,000 ర్యాంకు వచ్చిన బీసీ అమ్మాయి లక్ష రూపాయల ఫీజున్న కాలేజీలో చేరితే ఏటా 65,000 ఇంటి నుంచి కట్టాలి, నాలుగేళ్లకు 2.6 లక్షలు. అదే అమ్మాయి 45,000 ఫీజున్న కాలేజీలో చేరితే ఏటా 10,000, మొత్తం 40,000. రెండు కాలేజీలూ ఒకే స్థాయివైతే ఈ తేడా ఆప్షన్ల వరుసనే మార్చాలి.

ఆదాయ పరిమితి కూడా ఉంది. తెలంగాణలో బీసీ, ఈబీసీ కుటుంబాలకు పల్లెల్లో ఏటా 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 2.5 లక్షలు. దరఖాస్తు తెలంగాణలో ఈపాస్ పోర్టల్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి పోర్టల్ ద్వారా నడుస్తుంది. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఫలితాలు రాకముందే తీసి పెట్టుకోండి. ఫలితాలొచ్చాక మీసేవ, సచివాలయాల దగ్గర రద్దీ పెరిగిపోతుంది. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయా అన్నదీ అప్పుడే సరిచూసుకోండి. చేరాక హాజరు 75 శాతానికి తగ్గితే ఈ సాయం ఆగిపోతుందని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

కాలేజీ యాజమాన్యమే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రీయింబర్స్‌మెంట్ రాదు. ప్రైవేటు కాలేజీల్లో 30 శాతం సీట్లు ఈ కోటావే. నా మాట సూటిగా చెబుతాను: కేవలం కంప్యూటర్ సైన్స్ కోసమని ఎకరం పొలం అమ్మి ఈ సీటు కొనకండి. అదే ర్యాంకుకు కన్వీనర్ కోటాలో మరో మంచి బ్రాంచి దొరికితే, నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్న పిల్లలకు అది చాలు. డొనేషన్ అని రసీదు లేకుండా తీసుకోవడం 1983 నాటి క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా.

పదో తరగతి చదివే పిల్లలున్నవారు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ దారిని చిన్నచూపు చూడొద్దు. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంటర్ ప్రైవేటు కాలేజీల ఖర్చు మొత్తం తప్పుతుంది.

3. తిరిగి కట్టక్కర్లేని డబ్బును ముందు వెతకండి

అప్పుకు వెళ్లకముందు స్కాలర్‌షిప్‌లన్నీ చూడాలి. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) గుర్తింపున్న కాలేజీలో మొదటి ఏడాది చేరిన అమ్మాయిలకు ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఏటా 50,000. కుటుంబ ఆదాయం 8 లక్షలు మించకూడదు, ఒక ఇంట్లో ఇద్దరికి ఇస్తారు. దివ్యాంగ విద్యార్థులకు ఇదే మొత్తం సక్షమ్ పేరుతో ఉంది. రెండింటికీ దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి.

ఐఐటీల్లో ట్యూషన్ ఫీజు ఏటా 2 లక్షలని భయపడి వెనక్కి తగ్గేవారికి ఒక మాట. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అక్కడ ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. మిగతావారిలో కుటుంబ ఆదాయం లక్ష లోపుంటే పూర్తిగా, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ.

4. ఇంకా లోటుంటే బ్యాంకుకు వెళ్లండి

మామూలు విద్యారుణంలో 4 లక్షల వరకు ష్యూరిటీ గానీ తాకట్టు గానీ అడగరు, అమ్మో నాన్నో కలిసి సంతకం చేస్తే చాలు. 7.5 లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు. కోర్సు కాలం, ఆపై ఏడాది వరకు వాయిదా కట్టనక్కర్లేదు. హాస్టల్, ల్యాప్‌టాప్ ఖర్చులను కూడా రుణంలో కలపమని అడగవచ్చు.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన మేటి సంస్థల్లో ప్రతిభతో సీటు తెచ్చుకున్నవారికి తాకట్టు, ష్యూరిటీ లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే, వేరే ప్రభుత్వ సాయం తీసుకోనివారికి 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఆదాయం 4.5 లక్షల లోపుండి సాంకేతిక, వృత్తి విద్యా కోర్సు చదివేవారికి వాయిదా లేని కాలంలో వడ్డీ మొత్తం కేంద్రమే భరించే ఏర్పాటు ఉంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో విద్యాలక్ష్మి పోర్టల్‌లో చూసుకోండి.

వాయిదా లేదంటే వడ్డీ లేదని కాదు. రాయితీ రానివారికి డబ్బు విడుదలైన రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. ఏటా 1.5 లక్షల చొప్పున నాలుగేళ్లకు 6 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదువు ముగిసి మరో ఏడాది గడిచేసరికి సాధారణ వడ్డీ లెక్కనే 2.1 లక్షలు పేరుకుంటుంది. 8.1 లక్షల మీద పదేళ్లపాటు నెలకు దాదాపు 10,700 కట్టాలి. అలా కాకుండా వడ్డీని ఎప్పటికప్పుడు, మొదటి ఏడాది నెలకు 1,250, రెండో ఏడాది 2,500, మూడో ఏడాది 3,750, ఆ తర్వాత 5,000 చొప్పున కడుతూ వస్తే వాయిదా దాదాపు 7,930కి దిగుతుంది. మొత్తం మీద లక్షకు పైగా మిగులుతుంది. అంతా కట్టలేకపోతే వీలైనంత కట్టండి, కట్టిన మేరకు భారం తగ్గుతుంది.

కొత్త ఉద్యోగి మొదటి జీతంలో సగం వాయిదాకే పోయేలా అప్పు చేయొద్దు. ఆ కాలేజీలో సాధారణ విద్యార్థికి వచ్చే జీతం ఎంతో సీనియర్లను అడగండి. ఫ్లెక్సీల మీద వేసే అతి పెద్ద ప్యాకేజీ ఒక్కరిదే అయివుండవచ్చు.

5. కట్టేటప్పుడు, కట్టాక

ఫీజు కాలేజీ ఖాతాకే పంపి, ప్రతి రసీదు దాచండి. ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదన్నది యూజీసీ, ఏఐసీటీఈల నిబంధన. పరిశీలన కాగానే వెనక్కి అడగండి. రీయింబర్స్‌మెంట్ నిధులు ఆలస్యమై, ముందు మీరే కట్టండని కాలేజీ ఒత్తిడి చేసే పరిస్థితి రెండు రాష్ట్రాల్లోనూ కనిపిస్తూనే ఉంది. కట్టక తప్పకపోతే, ప్రభుత్వం నుంచి డబ్బు వచ్చాక తిరిగి ఇస్తామని కాగితం మీద రాయించుకోండి. ఉద్యోగం వచ్చి రుణం తీర్చేటప్పుడు పాత పన్ను విధానం ఎంచుకుంటే, కట్టిన వడ్డీ మొత్తానికి ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు దొరుకుతుంది. అందుకు బ్యాంకు నుంచి ఏటా వడ్డీ ధ్రువపత్రం అడిగి తీసుకోవాలి.