ఏళ్ల తరబడి షెడ్డులో ఉన్న అంబాసిడర్ స్టార్ట్ అయింది, కానీ మిస్ కొడుతోంది: ఏ వరుసలో చూడాలి?

తెనాలిలో మా మామయ్య అంబాసిడర్ ఏడేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. మొన్న వేసవిలో స్టార్ట్ చేస్తే అయింది, ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం, రెండు నిమిషాలు గడిచాయో లేదో బండి మొత్తం ఊగిపోవడం మొదలుపెట్టింది (మిస్ కొట్టడమంటే ఇదే, ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండదు), యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు ఆగిపోతోంది. పిలిపించిన మెకానిక్ బానెట్ ఎత్తగానే స్క్రూడ్రైవర్ తీసి పెట్రోల్‌నీ గాలినీ కలిపే కార్బురేటర్ స్క్రూలు తిప్పేశాడు. దాంతో అసలు తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఇంకా కష్టమైంది. అందుకే ముందే చెబుతున్నా, కార్బురేటర్ జోలికి అన్నిటికన్నా చివర వెళ్లండి. నిలవ ఉన్న బండిలో పెట్రోల్ పాడవుతుంది, పాయింట్లకు (స్పార్క్ కోసం కరెంటుని తెంచి కలిపే చిన్న లోహపు మొనలు) పొర పడుతుంది, రబ్బరు పగులుతుంది, కానీ కార్బురేటర్ స్క్రూ దానంతటది తిరగదు కదా.

ఇంకా స్టార్ట్ చేయకపోతే మాత్రం ఆగండి. నాలుగు ప్లగ్గులూ తీసి ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి, పొద్దున హ్యాండిల్ రాడ్డుతో మెల్లగా చేత్తో తిప్పండి, ఆయిల్ కొత్తది మార్చండి. షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉంచండి, మూసిన గదిలో సైలెన్సర్ పొగ ప్రాణం తీస్తుంది. బ్రేకులు పట్టుకుంటాయన్న నమ్మకం ఉండదు కాబట్టి చక్రాల కింద చెక్కలు పెట్టండి.

ఇక మొదటి పని పెట్రోల్. స్పార్క్ కరెంటు తయారుచేసే కాయిల్ నుంచి, దాన్ని నాలుగు ప్లగ్గులకూ పంచే డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే తీగ ఊడదీసి, దాని లోహపు కొస ఇంజన్ బాడీకి గట్టిగా తగిలేలా కట్టేయండి, స్పార్క్ ఎగరకూడదు. కార్బురేటర్ దగ్గర పైపు విప్పి ఒక గాజు సీసాలోకి పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. సీసాని వెలుతురులో పట్టుకుని చూడండి. మా సీసాలో వచ్చింది టీ డికాక్షన్ రంగులో ఉంది, వాసన పెట్రోల్‌లా కాదు, పాత వార్నిష్ డబ్బా మూత తీసినట్టు కొట్టింది, అడుగున గోళీలా నీటి బొట్టు ఒకటి అటూ ఇటూ దొర్లుతోంది. అలాంటిది కనిపిస్తే కొత్త పెట్రోల్ కలిపి సరిపెట్టుకోవద్దు, ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, తుప్పు ఉంటే కడిగించి, పంపుకి ముందు లోపల కనిపించే చిన్న ప్లాస్టిక్ ఫిల్టర్ ఒకటి పెట్టండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాలిలోని తేమని లాక్కుంటుంది, పాత రబ్బరు పైపుల్నీ పంపు లోపలి డయాఫ్రమ్‌నీ మెత్తబరుస్తుంది. పైపులు ఎలాగూ మార్చాలి, ఇథనాల్‌కి తట్టుకునే రకం అడిగి తీసుకోండి.

మంచి పెట్రోల్ పడ్డాక కూడా మిస్ కొడుతుంటే సైలెన్సర్ వెనక అరచెయ్యి కాస్త దూరంగా పెట్టి వినండి. ఫట్ ఫట్ మధ్య ఒక దెబ్బ లెక్కగా, తాళం తప్పకుండా పోతుంటే ఒకే సిలిండర్ పనిచేయట్లేదని అర్థం. ఒక లెక్కా పత్రం లేకుండా పెరుగుతూ తగ్గుతూ ఉంటే పెట్రోల్‌నో గాలినో అనుమానించాలి. ఈ తేడా చెవికి పట్టుబడితే సగం పని అయిపోయినట్టే.

ఏ సిలిండర్ అన్నది తేల్చాలంటే ఇంజన్ ఆపి ఒక ప్లగ్ తీగ ఊడదీసి, దానికి ఒక పాత ప్లగ్ తగిలించి, ఆ ప్లగ్ లోహపు భాగం ఇంజన్‌కి గట్టిగా ఆనేలా పెట్టి మళ్లీ స్టార్ట్ చేయండి. నడుస్తుండగా తీగలు చేత్తో లాగే అలవాటు చాలామందికి ఉంది, వద్దు, షాక్ గట్టిగా కొడుతుంది. తీగ తీసినప్పుడు ఇంజన్ ఇంకా కుంటితే ఆ సిలిండర్ బాగున్నట్టు. తీసినా ఏ మార్పూ లేకపోతే దొంగ అదే. మా బండిలో అది మూడోది.

దొరికాక ఆ ప్లగ్ తీసి చూడండి. పెట్రోల్‌తో తడిగా ఉంటే ముందు స్పార్క్ సంగతి చూడాలి. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది, తెల్లగా కాలి ఉంటే గాలి ఎక్కువ, జిడ్డుగా నూనె ఉంటే పిస్టన్ రింగులు గానీ వాల్వ్ గైడ్లు గానీ అరిగి ఉండొచ్చు. ప్లగ్ గ్యాప్ 0.64 మిల్లీమీటర్లు, పాయింట్ గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ఇది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ లెక్క. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకులు) లేకుండా కంటితో అంచనా వేయొద్దు. నిలవ ఉన్న పాయింట్ల మీద కంటికి కనపడని పొర ఒకటి పడుతుంది, సన్నని ఎమరీ పేపర్ ముక్కతో రెండుసార్లు గీసి, శుభ్రమైన కాగితం మధ్యలో పెట్టి లాగేస్తే పోతుంది. పాయింట్లు మళ్లీ మళ్లీ కాలిపోతూ స్పార్క్ పసుపుగా, బలహీనంగా వస్తుంటే పాయింట్లు కాలకుండా కాపాడే కండెన్సర్ మార్చండి. డిస్ట్రిబ్యూటర్ మీద ప్లగ్ తీగల వరుస, అంటే సిలిండర్లకు స్పార్క్ అందే వరుస, 1-3-4-2, ఎవరైనా ఎప్పుడైనా తీసి పెట్టి ఉంటే ఒకసారి సరిచూసుకోండి. ఎలుకలు కొరికాయేమో తీగ మొత్తం వేళ్లతో తడిమి చూడండి.

మాకు ఇక్కడే దొరికింది. "ఒరేయ్, ఆ క్యాప్ లోపల టార్చ్ వేసి చూడరా" అన్నాడు మామయ్య. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపల మూడో తీగ చోటు నుంచి నాలుగో తీగ చోటు దాకా పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్ల గీత. నేను వెంట్రుకేమో అనుకుని గుడ్డతో తుడిచాను, పోలేదు. తేమకు స్పార్క్ ఆ దారిన పారి కాల్చిన గీత అది, మూడో సిలిండర్‌కి వెళ్లాల్సిన కరెంటు పక్కదానికి జారిపోతోంది. కొత్త క్యాప్, కొత్త రోటర్ (క్యాప్ లోపల తిరుగుతూ కరెంటు పంచే ముక్క) వేశాక ఊగడం ముప్పాతిక వంతు ఆగింది. చీకటి పడ్డాక బానెట్ ఎత్తి చూస్తే ఇలాంటి లీకులు నీలంగా మెరుస్తూ కనిపిస్తాయి కూడా.

స్పార్క్ బాగుండీ ఆ సిలిండర్ పనిచేయకపోతే కంప్రెషన్ గేజ్ పెట్టించి సిలిండర్ల లోపలి ఒత్తిడి చూడండి. ఒక్కదానిలోనే తక్కువొచ్చి, కార్బురేటర్‌లోంచి వెనక్కి తుస్సుమంటుంటే వాల్వ్ ఇరుక్కుని ఉండొచ్చు. రాకర్ కవర్ తీసి, మెల్లగా తిప్పుతూ ఏది సరిగా పైకి రావట్లేదో గమనించండి, తుప్పు వదిలించే ఆయిల్ వేసి ఓపిగ్గా ఆడించాలి, సుత్తి వద్దు. పక్కపక్కన ఉన్న రెండింటిలోనూ తక్కువొస్తే ఇంజన్ పైభాగం కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోండి.

తర్వాత గాలి లీకు. కార్బురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్నని పైపు, మానిఫోల్డ్ గ్యాస్కెట్, ఈ రెండూ ఎండిపోతాయి. ఐడిలింగ్‌లో ఉండగా అతుకుల మీద సబ్బు నీళ్లు చిలకరించండి, ఇంజన్ శబ్దం మారిన చోట లీకు ఉన్నట్టు. కొందరు కార్బ్ క్లీనర్ (కార్బురేటర్ శుభ్రం చేసే స్ప్రే) కొడతారు, వేడి పొగ గొట్టం పక్కన అది అంటుకుంటుంది, నేనైతే ఒప్పుకోను. మాకు మిగిలిన పావు వంతులో ఎక్కువ భాగం ఆ సన్నని పైపు కొస చీలడమే.

ఇప్పుడు కార్బురేటర్. ఎస్‌యూ కంపెనీ రకం అయితే లోపలి పిస్టన్‌ని వేలితో ఎత్తి వదలండి, టక్‌మని పడాలి, ఇరుక్కుంటే శుభ్రం చేయాలి, పైన డాష్‌పాట్‌లో (పిస్టన్ మీద ఉండే గొట్టం) పల్చని ఆయిల్ పోయాలి. సోలెక్స్ కంపెనీది అయితే జెట్లు (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాల ముక్కలు) విప్పి గాలి కొట్టాలి, సూదితో పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది. ఎస్‌యూ మిశ్రమం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి, వేడెక్కిన ఇంజన్ నడుస్తుండగా పిస్టన్‌ని ఒక మిల్లీమీటరు కంటే కొంచెం తక్కువ ఎత్తండి. వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ, వెంటనే పడిపోతే తక్కువ, క్షణం పాటు కొద్దిగా పెరిగి మళ్లీ మామూలైతే సరిగ్గా ఉన్నట్టు. మెకానిక్ తిప్పిన స్క్రూలు వెనక్కి తేవడానికి మాకు ఒక సాయంత్రం పట్టింది.

బ్రేకులు, టైర్లు విడిగా చూపించుకున్నాకే రోడ్డెక్కించండి. మొదట ఊరి చుట్టూ ఓ 20 కిలోమీటర్లు తిప్పి, ఇంటికొచ్చాక ఫిల్టర్‌లో తుప్పు పొడి చేరిందేమో చూడండి. మాది మొదటి నెలలో మూడు ఫిల్టర్లు తింది.