ఢిల్లీయా, ముంబైయా? ఓరుగల్లు నుంచి సెలవులకు బయలుదేరే ముందు తేల్చుకోవడం ఎలా?

మా ఇంట్లో ఈ గొడవ ఏటా ఉండేదే. హన్మకొండలో ఉంటాం. ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ. పిల్లలు సముద్రం అంటారు, మా ఆవిడ తాజ్‌మహల్ అంటుంది, అమ్మేమో "బొంబాయి పోదాం కొడుకా, మామను చూసి ఏండ్లయింది" అంటుంది. ఏ ఊరు గొప్పదని వాదించుకుంటే తెల్లారుతుంది తప్ప తేలదు. మన బడి సెలవులు ఎప్పుడు, వెంట వచ్చేవాళ్లు ఎంత నడవగలరు అనే రెండూ ముందు చూసుకుంటే ఊరు దానంతటదే తేలుతుంది. రెండుసార్లు తప్పుగా వెళ్లొచ్చాక నాకు తెలిసొచ్చిన పద్ధతి ఇది.

1. ముందు గోడ మీది క్యాలెండర్ దించండి

బడి పిల్లలున్న ఇంటికి దొరికేవి మూడే సెలవులు: దసరా, సంక్రాంతి, ఎండాకాలం.

దసరాకైతే ఢిల్లీ. సెప్టెంబర్ చివరికి అక్కడ వానలు వెనక్కి పోతాయి, పంట కొయ్యలు కాల్చిన పొగ ఇంకా ఊరి మీదికి రాదు. ముంబైలో అప్పటికీ వాన పడుతూనే ఉండొచ్చు. అయితే మన దగ్గర ఒక చిక్కుంది. బతుకమ్మ పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, వేయిస్తంభాల గుడి దగ్గర ఆడకుండా మా అమ్మ ఊరు కదలదు. సద్దుల తర్వాత బయలుదేరితే బడి తెరిచే రోజు మీద పడుతుంది. అందుకే మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ ఆడిన మర్నాడే బండి ఎక్కి, సద్దులకు రెండు రోజుల ముందే ఇంట్లో ఉండేలా చూసుకోవాలి. నడుమ దొరికే రోజులు ఢిల్లీకి, ఆగ్రాకు సరిపోతాయి. దీపావళికి ముందూ వెనకా మాత్రం ఢిల్లీ వద్దు. దగ్గు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లుంటే అసలే వద్దు.

సంక్రాంతికి ముంబై. జనవరిలో అక్కడ హాయిగా ఉంటుంది. అదే సమయంలో ఢిల్లీలో పొగమంచు, చలి; రైళ్లు గంటల తరబడి ఆలస్యం. సెలవులే తక్కువ, అందులో ఒక పూట ఏదో స్టేషన్‌లో బండి ఆగిపోయి కూర్చుంటే ఇక చూసేదేముంది? పైగా రిపబ్లిక్ డే దగ్గర పడేకొద్దీ ఢిల్లీలో దారుల మూతలు, తనిఖీలు ఎక్కువవుతాయి.

ఎండాకాలం? నన్నడిగితే రెండూ వద్దు. మే నెల ఢిల్లీ మన రామగుండం ఎండకు అన్న. తప్పదంటే ముంబై. ఉక్కపోత ఉంటుంది కానీ వడదెబ్బ భయం తక్కువ. జూన్ రెండో వారంలో వానలు మొదలయ్యేలోపు తిరిగి రావాలి.

2. దూరం కిలోమీటర్లలో చూడకండి

ముంబై దగ్గర, ఢిల్లీ దూరం అని అందరూ అనుకుంటారు. మ్యాప్‌లో నిజమే. రైలు ఎక్కితే లెక్క మారుతుంది. కాజీపేటలో పొద్దున తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున న్యూఢిల్లీ. వరంగల్‌లో పొద్దున్నే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాద్, షోలాపూర్, పుణె తిరిగి తెల్లవారకముందే ముంబై. రెండూ ఇంచుమించు ఒక పగలు, ఒక రాత్రి. కోణార్క్‌తో ఇంకో తలనొప్పి, ఆ చీకట్లో దిగి లాడ్జి గది దొరికేదాకా సామాన్ల మీద కూర్చోవాలి. హైదరాబాద్ దాకా బస్సులో వెళ్లి, మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కడం నాకు నచ్చిన దారి. నిద్ర లేచేసరికి ముంబై వస్తుంది.

టికెట్ తీసేటప్పుడు స్టేషన్ పేరు సరిగ్గా చూసుకోండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే బండ్లు కాజీపేట దగ్గరే మలుపు తిరిగిపోతాయి, వరంగల్ స్టేషన్ ముఖం చూడవు. వరంగల్‌లో ఆగేవి చెన్నై వైపు నుంచి ఢిల్లీ వెళ్లే గ్రాండ్ ట్రంక్ లాంటివి. మంచిర్యాల, పెద్దపల్లి వాళ్లు ఢిల్లీ లైన్ మీదే ఉన్నారు. నిజామాబాద్ వాళ్లకు ముంబైకి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఇంటి ముందు నుంచే పోతుంది, వాళ్లు ఇంత ఆలోచించనక్కర్లేదు.

3. ఇంట్లో అందరికంటే మెల్లగా నడిచేది ఎవరు?

మేం తప్పు చేసింది ఇక్కడే. మే నెలలో ముంబై వెళ్లాం. సిద్ధివినాయకుడి దర్శనం అయింది, సాయంత్రం అయిదున్నరకు దాదర్ స్టేషన్‌కు వచ్చాం. పడమటి లైన్ నుంచి సెంట్రల్ లైన్‌కు మారాలంటే వంతెన ఎక్కాలి. ఆఫీసులు వదిలే వేళ. మెట్ల మీద జనం ఒక ముద్దలా కదులుతున్నారు. అమ్మ రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కుతుంటే వెనక నుంచి "చలో చలో" అని తోపు. నాలుగో మెట్టు మీద ఒక కాలి చెప్పు జారి కిందికి పోయింది. దాన్ని వెతకడానికి వంగలేను, అమ్మను వదల్లేను. చివరికి ఆమె ఆ మెట్టు మీదే పక్కకు ఒరిగి కూర్చుంది. "నేనిక్కడ్నే కూసుంట, మీరు పోయి రాండ్రి" అంది. కింద బంతిపూలు అమ్ముకునే ఒకావిడ పైకొచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని దింపి, తన గంప పక్కన కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. చెప్పు మాత్రం దొరకలేదు. ఆ రాత్రి ట్యాక్సీకి పోసిన డబ్బుతో రెండు జతలు కొనొచ్చు.

లోకల్ రైళ్లు చెడ్డవని కాదు, వాటంత చవకగా, వేగంగా ఇంకేదీ తిప్పదు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా ముసలివాళ్లతో, పిల్లలతో ఎక్కొద్దు, అంతే. ఎలిఫెంటా గుహలకైతే పడవ ప్రయాణం గంట, దిగాక నూటికి పైగా మెట్లు.

ఢిల్లీలో మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి, అమ్మలాంటి వాళ్లకు అది పెద్ద వరం. కుతుబ్ మీనార్ దగ్గర నేల చదునుగా ఉంటుంది. కానీ రాజీవ్ చౌక్‌లో లైను మారేటప్పుడు, ఎర్రకోటలో, తాజ్ దగ్గర నడక బాగానే ఉంటుంది. మోకాళ్లు సరిగా లేనివాళ్లతో రోజుకు రెండు చోట్లు చాలు.

4. తలా ఒక చీటీ

ఒక్కొక్కరిని ఒక్కటంటే ఒక్కటే రాయమనండి. పది రాస్తే మళ్లీ గొడవ. మా చిన్నోడు "సముద్రం" అని రాశాడు. సముద్రం ఒక్కదానికైతే బొంబాయి దాకా ఎందుకు, బాపట్ల దగ్గర సూర్యలంక చాలదా? ఇలా కొన్ని చీటీలు వాటంతటవే పోతాయి.

కోటలంటే ఇష్టమున్న పిల్లలుంటే ఢిల్లీకి ఒక మార్కు ఎక్కువ వేయండి. కుతుబ్ ఆవరణలో అలాయీ దర్వాజా ఉంది, 1311లో అల్లాఉద్దీన్ ఖిల్జీ కట్టించాడు. సరిగ్గా దానికి ముందే, 1310లో, అతని సేనాని మాలిక్ కాఫూర్ మన ఓరుగల్లు కోటను ముట్టడించి, ప్రతాపరుద్రుడి నుంచి ధనం, ఏనుగులు పట్టుకుపోయాడు. తర్వాత 1323లో కోటను పడగొట్టింది ఘియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్. ఆ తండ్రి కట్టించిన తుగ్లకాబాద్ కూడా ఢిల్లీలోనే ఉంది. ఖిలా వరంగల్ తోరణాల కింద ఆడుకున్న పిల్లలకు ఇది చెప్పి చూడండి, గైడు అక్కర్లేదు.

ముంబైలోనూ మనవాళ్ల గుర్తులున్నాయి. కామాఠీపుర అనే పేరు అక్కడికి కూలికి వెళ్లిన తెలుగు కామాఠీల వల్ల వచ్చిందే.

5. బంధువులున్నారని ఊరు ఎంచుకోకండి

భివండి మగ్గాల దగ్గర మనవాళ్లు వేలమంది ఉన్నారు, మా మామా అక్కడే. కానీ భివండి అంటే ముంబై కాదు. గేట్‌వే ఆఫ్ ఇండియా చూసి రావాలంటే రానుపోను సగం రోజు దారిలోనే పోతుంది. మామను చూడటానికి ఒక రోజు పెట్టుకోండి, మిగతా రోజులు దాదర్ చుట్టుపక్కల గది తీసుకోండి. గది చిన్నదిగా, అద్దె పెద్దదిగా ఉంటుంది, ఆశ్చర్యపోకండి. అదే డబ్బుకు ఢిల్లీ కరోల్‌బాగ్‌లో కాస్త నయమైన గది వస్తుంది.

తిండికి దిగులు లేదు. ఢిల్లీలో ఆంధ్రా భవన్ క్యాంటీన్, ముంబైలో మాటుంగా ఇడ్లీ హోటళ్లు.

6. వారం చూసి రోజులు పంచండి

సోమవారం ఎర్రకోట, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్ మూత. ఆ రోజు కుతుబ్, హుమాయూన్ సమాధి పెట్టుకోండి. తాజ్‌మహల్ శుక్రవారం మూత. ముంబైలో ఎలిఫెంటాకు సోమవారం సెలవు. సిద్ధివినాయకుడికి మంగళవారం జనం తొక్కిసలాట. మీ చీటీల్లో ఉన్నవి ఈ రోజుల్లో ఇమడకపోతే, ఊరు మార్చడం కన్నా బయలుదేరే రోజు ఒకటి అటూ ఇటూ జరపడం సులువు.

7. టికెట్లు

రిజర్వేషన్ 60 రోజుల ముందు, పొద్దున ఎనిమిదింటికి తెరుచుకుంటుంది. ఎంగిలిపూలకు బయలుదేరాలంటే శ్రావణం మొదట్లోనే ఫోన్ పట్టుకుని కూర్చోవాలన్నమాట. రానూపోనూ ఒకే రోజు దొరకవు, తిరుగు టికెట్ కోసం ఇంకో పొద్దున లేవాల్సిందే. ఇంకోటి, ఆ 60 రోజులు బండి మొదట బయలుదేరే తేదీ నుంచి లెక్క. కోణార్క్ భువనేశ్వర్‌లో ముందురోజే బయలుదేరుతుంది కాబట్టి వరంగల్‌లో ఎక్కేవాళ్లకు బుకింగ్ అనుకున్న దానికంటే ఒక రోజు ముందే మొదలవుతుంది. మేం మర్నాడు లేచి చూసేసరికి వెయిటింగ్ లిస్ట్ నూరు దాటింది. అమ్మకు లోయర్ బెర్త్ కావాలంటే ఆ ఒక్క రోజే తేడా.