మక్ డైవింగ్ ఎలా చేయాలి? బురద నేలలో బుల్లి జీవులను వెతికే పద్ధతి

పగడాలు లేని, ఇసుక, మడ్డి తప్ప ఏమీ కనపడని లోతు తక్కువ అఖాతంలో దిగి, అడుగున దాక్కున్న చిన్న జీవులను వెతకడమే మక్ డైవింగ్. ఇండోనేషియాలో సులవేసి దీవి పక్కనున్న లెంబే జలసంధి దీనికి పెట్టింది పేరు. అక్కడి నల్ల ఇసుక చూసి నిరాశపడకండి. 1998లో, వేరే జీవుల్లా వేషం మార్చే మిమిక్ ఆక్టోపస్ బయటపడింది ఆ సులవేసి తీరంలోనే, ఇలాంటి బురద నేల మీదే.

స్కూబా సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన దీనికి సిద్ధమైనట్టు కాదు. ముందు, నేలకు అర మీటరు పైన చేతులు ఆడించకుండా, ఊపిరితోనే ఎత్తు సరిచూసుకుంటూ నిలవడం నేర్చుకోండి. ఒళ్లు అడ్డంగా, మోకాళ్లు వంచి, కాళ్లకు తొడిగిన ఫిన్స్ (ఈత రెక్కలు) పైకి ఉండాలి. కప్పలా కాళ్లు పక్కలకు తన్నుతూ కదలండి. పైకీ కిందికీ ఆడిస్తే మడ్డి లేచి, మీకూ మీ వెనక వచ్చేవాళ్లకూ ఏమీ కనపడదు.

పగలైనా టార్చ్ తప్పనిసరి. నీళ్లలో ముందుగా మాయమయ్యేది ఎరుపు. లైటు పడితేనే అసలు రంగులు తెలుస్తాయి. ఒకే చోట నిలిచి చూస్తాం కాబట్టి చలి త్వరగా పట్టుకుంటుంది, కాస్త మందమైన వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే డైవింగ్ దుస్తులు) మేలు. ఒక లోహపు పుల్ల కూడా తీసుకెళ్తారు. అది ఖాళీ ఇసుకలో గుచ్చి నిలదొక్కుకోవడానికే. దానితో జీవులను పొడవడం, ఫొటో కోసం పక్కకు జరపడం నాకు అస్సలు నచ్చని పని. ఎవరు చేసినా, గైడే చేసినా, వద్దని సైగ చేయండి.

ఇక వెతకడం. ఎక్కువ దూరం తిరగకండి. ఒక గదంత మేర తీసుకుని, నేల మీద విడిగా కనపడే ప్రతి వస్తువు దగ్గరా ఆగండి. సీసాలో, చిప్పలో చిన్న ఆక్టోపస్ ఉండొచ్చు. దోసకాయలా నేల మీద పడి ఉండే సీ కుకుంబర్ అనే జీవి ఒంటి మీద ఎంపరర్ రొయ్య పాకుతుండొచ్చు. ముళ్ల బంతిలాంటి ఫైర్ అర్చిన్ కనిపిస్తే ముళ్ల మధ్య ఎక్కడైనా ఖాళీ ఉందేమో చూడండి. మచ్చల కోల్‌మన్ రొయ్యలు తాము నిలిచే చోట ముళ్లను తీసేసి, తరచూ జంటగా కాపురముంటాయి. చూడటమే, ముట్టుకోకండి. ఆ అర్చిన్ ముళ్లకు విషం ఉంటుంది.

స్పాంజి ముక్క అనుకున్నది ఫ్రాగ్‌ఫిష్ అనే చేప కావచ్చు. నోటిపైన సన్నని గాలం లాంటిది ఆడుతుంటే అదే. అది పదే పదే ఆవలిస్తే బెదిరి ఉండొచ్చు, ఫ్లాష్ ఆపి వెనక్కి జరగండి.

ఎక్కడా చెయ్యి ఆనించకండి, మోకాళ్ల మీద కూర్చోకండి. రాయిలా పడి ఉన్నది స్టోన్‌ఫిష్ కావచ్చు. దాని ముల్లు గుచ్చుకుంటే వెంటనే పైకి వచ్చి, ఆ భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఉంచి ఆసుపత్రికి వెళ్లాలి. నీలి వలయాల ఆక్టోపస్ విషానికైతే విరుగుడే లేదు. ఒంటి మీద వలయాలు మెరిశాయంటే మీరు మరీ దగ్గరికి వెళ్లినట్టే.

లోతు తక్కువైతే గాలి ఎక్కువసేపు వస్తుంది. ఆ ధీమాతో, ఎంత గాలి మిగిలిందో చూపే గేజ్ చూడటం మరిచిపోతారు, చూస్తూ ఉండండి. చివర 5 మీటర్ల లోతులో 3 నిమిషాలు ఆగి పైకి రండి. అదే చోటు పగటిపూట బాగా అలవాటయ్యాక రాత్రి డైవ్‌కు వెళ్లండి; ఇసుకలోంచి తల బయటపెట్టే బాబిట్ పురుగు లాంటివి ఎక్కువగా అప్పుడే కనిపిస్తాయి.