ఎండలోనూ వానలోనూ వ్యాయామం ఆగకుండా ఉండాలంటే

హైదరాబాద్‌లో వ్యాయామం మొదలుపెట్టడం పెద్ద కష్టం కాదు. జనవరి మొదటి వారంలో కేబీఆర్ పార్కు చుట్టూ, ఇందిరా పార్కులో, ఉస్మానియా విశ్వవిద్యాలయం రోడ్ల మీద ఎన్నో కొత్త ముఖాలు కనిపిస్తాయి. ఉగాది వచ్చేసరికి వాటిలో చాలావరకు కనిపించకుండా పోతాయి. దీనికి బద్ధకం ఒక్కటే కారణమని నేను అనుకోను. సంక్రాంతికి ఊరెళ్లి వారం రోజులు ఉండిపోతాం, తర్వాత పెళ్లిళ్లు, మార్చిలో పిల్లల పరీక్షలు, ఆ వెనకే ఎండలు. వీటిలో ఏ అడ్డంకీ పెద్దది కాదు గానీ, ఆగిన తర్వాత తిరిగి ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలో ముందే అనుకోకపోవడం వల్ల నాలుగు రోజుల విరామం నాలుగు నెలలవుతుంది. కాబట్టి ఉత్సాహం ఎలా తెచ్చుకోవాలన్న ప్రశ్న కన్నా, ఉత్సాహం లేని రోజున ఏం చేయాలన్న ప్రశ్నకు ముందుగా జవాబు సిద్ధం చేసుకోవాలి.

లక్ష్యం విషయంలో అతిగా పోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఒక మోస్తరు శ్రమ, దానితోపాటు రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం అవసరం. నడుస్తూ మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతే అది ఒక మోస్తరు శ్రమ. ఒక్కో విడత కనీసం 10 నిమిషాలుంటేనే లెక్క అన్న పాత నియమాన్ని ఈ మార్గదర్శకాలు తొలగించాయి కనుక, అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ వదిలి ఎక్కిన మెట్లు కూడా వృథా పోవు. మొదటి నెలలో 150 నిమిషాలు అందకపోయినా పరవాలేదు. రోజూ 15 నిమిషాలతో మొదలుపెట్టి నిలబడినవారు, తొలిరోజే గంట పరుగెత్తి మోకాళ్లు పట్టుకుని కూర్చున్నవారి కన్నా ముందుంటారు.

ఇక అసలు విషయం వేళ. ‘వీలు చూసుకుని నడుస్తాను’ అనుకుంటే ఆ వీలు దొరకదు. రోజూ తప్పకుండా జరిగే ఒక పనికి వ్యాయామాన్ని ముడిపెట్టండి. పిల్లలను స్కూల్ బస్సు ఎక్కించడానికి కిందికి దిగే తల్లి సంగతే చూడండి. ఆమె చెప్పులతో దిగితే బస్సు వెళ్లగానే లిఫ్టు ఎక్కుతుంది. పైకి వెళ్లాక సింకులో గిన్నెలు, వాషింగ్ మెషీన్, ఫోను ఒకదాని వెంట ఒకటి పట్టుకుంటాయి. అదే షూ వేసుకుని, నీళ్ల సీసా చేతిలో పట్టుకుని దిగితే బస్సు మలుపు తిరగగానే గేటు నుంచి అటే పార్కు దారి పట్టవచ్చు. తేడా అంతా ఇంటి గడప దాటేటప్పుడు కాళ్లకు ఏం ఉన్నదన్న దానిలోనే ఉంది. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో రాత్రి షిఫ్టు చేసేవారు మాత్రం నిద్ర చెడగొట్టుకుని ఉదయం ఐదింటికి లేవవద్దు. మధ్యాహ్నం లేచిన తర్వాత, క్యాబ్ రాకముందు ఉన్న సమయమే వారికి ఉదయం.

అలవాటు 21 రోజుల్లో కుదిరిపోతుందన్న మాటను నమ్మి చాలామంది నిరాశపడుతున్నారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషినిబట్టి, పనినిబట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. నెల గడిచినా ఉదయం లేవడం కష్టంగానే ఉంటే అది మీ లోపం కాదు. ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోదని కూడా అదే అధ్యయనంలో తేలింది.

తోడు విలువ మన పార్కుల్లో నడిచే పెద్దవారికి బాగా తెలుసు. రెండు రోజులు రాకపోతే మూడోరోజు ‘ఏమండీ, కనబడటం లేదు, ఊరెళ్లారా?’ అని అడిగేవారు ఒక్కరున్నా చాలు, కాళ్లు వాటంతటవే కదులుతాయి. మీతో సమానమైన వేగంతో నడిచేవారిని ఎంచుకోండి. జిమ్ అయితే ఇంటికో ఆఫీసుకో దగ్గరగా ఉన్నదానిలో మొదట నెల ఫీజు మాత్రమే కట్టండి. రాయితీకి ఆశపడి ఏడాది డబ్బు కట్టినంత మాత్రాన ఉత్సాహం రాదు.

మన నగరంలో కాలాన్నిబట్టి ప్రణాళిక మార్చుకోక తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, కానీ ఆరు గంటలకు ముందే తెల్లవారుతుంది కనుక ఏడు లోపు నడక ముగించవచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. ఆ రోజుల కోసం ఇంట్లో చేయగలిగినవి, అంటే సూర్య నమస్కారాలు, గుంజీళ్లు, గోడకు చేతులు ఆనించి తీసే దండీలు, అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కిదిగడం వంటివి, ముందే ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించుకోండి. వాన మొదలైన తర్వాత ఆలోచించడానికి కూర్చుంటే టీ, పకోడీలే గెలుస్తాయి. రంజాన్ ఉపవాసాలు ఉండేవారు తేలికపాటి నడకను ఇఫ్తార్ తర్వాతకు మార్చుకోవచ్చు.

రోజూ బరువు చూసుకోవద్దు. నీరు, ఉప్పు, తిన్న అన్నాన్నిబట్టి అది ఒక రోజు నుంచి మరో రోజుకు మారుతూ మనసు విరిచేస్తుంది. గోడ మీది క్యాలెండర్‌లో వ్యాయామం చేసిన తేదీకి సున్నా చుట్టండి. రాత్రి నిద్ర ఎలా పట్టింది, మూడో అంతస్తు చేరేసరికి ఆయాసం ఎంత వచ్చింది అన్నవి గమనించండి. ఈ మార్పులు బరువు కన్నా ముందే కనిపిస్తాయి.

ఊరెళ్లేవారు తిరిగి వ్యాయామం మొదలుపెట్టే తేదీని బయలుదేరకముందే క్యాలెండర్‌లో రాసిపెట్టాలి; ఆ రోజు పది నిమిషాలు చేసినా చాలు. వర్షాకాలంలో డెంగీ, విష జ్వరాలతో పడుకుని లేచినవారు మాత్రం తొందరపడకుండా, డాక్టర్ సరేనన్న తర్వాత పాత సమయంలో సగంతో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో నెమ్మదిగా పెంచుకోవాలి. నడుస్తుండగా ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా, మామూలుకన్నా ఎక్కువ ఆయాసం వచ్చినా వెంటనే ఆపి డాక్టర్‌ను కలవాలి.