బేలర్ లాంటి పెద్ద డీమన్ శక్తులను టేబుల్ మీద సరిగ్గా చదవడం ఎలా?

వైజాగ్‌లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు ధరించి, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) ఆడే టేబుళ్ల దగ్గర నేను పదే పదే చూసేది ఒకటే. పార్టీ, అంటే ఆటగాళ్ల పాత్రల జట్టు, పదమూడో లెవెల్‌కో పదిహేనో లెవెల్‌కో చేరగానే ఆటను నడిపే డంజియన్ మాస్టర్ (డీఎం) ఉత్సాహంగా నిప్పులు కక్కే రాక్షసుడైన ఒక బేలర్‌ను దింపుతాడు. రెండో రౌండ్‌కల్లా యుద్ధం ఆగి పంచాయితీ మొదలవుతుంది. "దానికి మ్యాజిక్ రెసిస్టెన్స్ ఉంది, నీ స్పెల్ పనిచేయదు" అంటాడు డీఎం. "అలా ఎక్కడ రాసుందన్నా?" అంటాడు విజర్డ్ (స్పెల్స్, అంటే మంత్రాలు, వేసే పాత్ర) ఆడే కుర్రాడు. నిజానికి అలా ఎక్కడా రాసి లేదు. నెలల తరబడి నడిపిన కథ ఆ వాదనలో చప్పబడిపోతుంది. స్టాట్ బ్లాక్‌లో (ఒక జీవి అంకెలూ శక్తులూ ఉండే పట్టీలో) రాసిన మాటను రాసినట్టు చదివితే ఇలాంటి గొడవల్లో చాలావరకు పుట్టనే పుట్టవు.

కావలసినవి

డీమన్ స్టాట్ బ్లాక్ ప్రింటు, పెన్సిలు, డైస్, గడుల షీటు, ఒక నోట్‌బుక్. అంతే. ఐదో ఎడిషన్ రూల్స్‌లోని ముఖ్య భాగాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా విడుదల చేశారు. బేలర్, మారిలిత్, గ్లాబ్రెజు, వ్రాక్ అనే డీమన్లన్నీ అందులో ఉన్నాయి కాబట్టి పుస్తకం కొనకపోయినా ఫర్వాలేదు. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకోండి. ఫోన్‌లో చూసి డీమన్‌ను ఆడించకూడదు. చిన్న తెర మీద సగం వాక్యం చదివి ఆగిపోతారు, మిగతా సగంలోనే అసలు షరతు ఉంటుంది. ఆర్కే బీచ్‌లో కూర్చుని ఆడదామన్న సరదా కూడా మానుకోండి, సముద్రపు గాలికి కాగితాలు నిలవవు.

నేను చెప్పే అంకెలన్నీ 2014 నాటివి. 2025లో వచ్చిన కొత్త మాన్‌స్టర్ మాన్యువల్‌లో బేలర్ మారింది. ఏదో ఒకదానితోనే ఆడండి, రెండూ కలపొద్దు.

గడులు లెక్కపెట్టడం

బేలర్ సైజు హ్యూజ్. అంటే గడికి ఐదడుగుల చొప్పున మూడు గడుల పొడవు, మూడు గడుల వెడల్పు ఆక్రమిస్తుంది. పాత శుభలేఖ అట్టను ఆ కొలతకు కత్తిరించి కింద పెట్టండి. దూరం ఎప్పుడూ ఆ అట్ట అంచు నుంచి లెక్కపెట్టాలి, మధ్యలో నిలబెట్టిన బొమ్మ నుంచి కాదు. బొమ్మ నుంచి లెక్కపెడితే ప్రతి వైపూ ఒక గడి పోతుంది.

టర్న్ వేరు, రౌండ్ వేరు

టర్న్ అంటే ఒక్కొక్కరి వంతు, అందరి వంతులూ ఒకసారి పూర్తయితే ఒక రౌండ్. ప్రతి శక్తి కిందా "ఎప్పుడు" అన్న మాటకు పెన్సిలుతో గీత పెట్టండి. బేలర్ ఫైర్ ఆరా (దాని ఒంటి చుట్టూ ఉండే మంట) రెండు సందర్భాల్లో కాలుస్తుంది. ఒకటి, బేలర్ టర్న్ మొదలైనప్పుడు ఐదడుగుల లోపల ఉన్నవాళ్లను. రెండు, ఐదడుగుల లోపల ఉండి దాన్ని తాకినవాళ్లను, లేదా మెలీ (చేతి ఆయుధపు) దాడితో కొట్టినవాళ్లను. ప్రతిసారీ 3డీ6 (ఆరు ముఖాల డైస్ మూడింటి మొత్తం) ఫైర్ డ్యామేజ్. బేలర్ తన కొరడాతో ఎవరినైనా పక్కకు లాక్కున్నంత మాత్రాన ఆ క్షణంలో ఆరా కాల్చదు, దాని తర్వాతి టర్న్ వచ్చేదాకా ఆగాలి. హాల్‌బర్డ్ (పొడవాటి కర్రకు గొడ్డలి ఉన్న ఆయుధం) పట్టుకుని పదడుగుల దూరం నుంచి కొట్టే ఫైటర్‌కు ఏమీ కాదు. పక్కనే నిలబడి కత్తితో నాలుగు దెబ్బలు తగిలించినవాడు మాత్రం నాలుగుసార్లు కాలుతాడు.

మారిలిత్ దగ్గర ఇదే సంగతి తిరగబడుతుంది. దానికి ప్రతి టర్న్‌లోనూ ఒక రియాక్షన్ (ఎదుటివాళ్ల పనికి బదులుగా చేసే చర్య) ఉంటుంది, రౌండ్‌కు ఒకటి కాదు. ఈ ఒక్క మాట వదిలేసి దాన్ని మామూలు శత్రువులా ఆడించే డీఎంలు ఎక్కువ.

అసలు చిక్కు: ఇది స్పెల్లా, మ్యాజిక్కా, ఒంటి గుణమా?

ఇక్కడ తొందరపడితే మిగతాదంతా తప్పుతుంది, కాబట్టి నెమ్మదిగా చదవండి. డీమన్ చేసే ప్రతి పనినీ మూడింటిలో ఒక పెట్టెలో వేయాలి. ఒకటి స్పెల్. రెండోది స్పెల్ కాదు గానీ మ్యాజిక్. మూడోది రెండూ కాదు, ఆ జీవి ఒంటి గుణం, అంతే.

ఎలా తేల్చాలి? ప్రచురణకర్తలే ఇచ్చిన సేజ్ అడ్వైస్ అనే రూల్స్ వివరణల సంకలనంలో దీనికి పరీక్ష ఉంది. అది మ్యాజిక్ వస్తువా? స్పెల్లా, లేక వర్ణనలో పేరు చెప్పిన స్పెల్ ఫలితాన్ని కలిగించేదా? స్పెల్ అటాకా? స్పెల్ స్లాట్‌తో (స్పెల్స్ వేయడానికి ఉండే పరిమిత కోటాతో) నడిచేదా? వర్ణనలో మ్యాజిక్ అన్న మాట ఉందా? ఒక్కదానికైనా అవునని వస్తే మ్యాజిక్, అన్నిటికీ కాదంటే కాదు. చూడ్డానికి ఎంత వింతగా ఉందన్నది ఈ పరీక్షలో లేనే లేదు. నిప్పులు కక్కే ఒళ్లు మనకు మ్యాజిక్‌లాగే అనిపిస్తుంది, కానీ ఫైర్ ఆరా వర్ణనలో ఆ మాట లేదు.

ఇప్పుడు బేలర్ టెలిపోర్ట్ చూడండి. మ్యాజిక్‌తో మాయమై 120 అడుగుల లోపల తేలుతుందని వర్ణనలోనే ఉంది. కాబట్టి మ్యాజిక్కే. కానీ అది స్పెల్ వేయడం లేదు. అందుకే కౌంటర్‌స్పెల్ (ఎదుటివాళ్లు వేస్తున్న స్పెల్‌ను ఆపే స్పెల్) దాన్ని ఆపలేదు, అది స్పెల్ వేసేవాళ్ల మీదే పనిచేస్తుంది. యాంటీమ్యాజిక్ ఫీల్డ్ (మ్యాజిక్‌ను అణచే స్పెల్) లోపల మాత్రం ఆ టెలిపోర్ట్ చెల్లదు. అదే ఫీల్డ్‌తో విజర్డ్ పక్కకు వచ్చి నిలబడ్డా ఫైర్ ఆరా యథావిధిగా కాలుస్తుంది. గ్లాబ్రెజు సంగతి వేరు. అది పవర్ వర్డ్ స్టన్, కన్ఫ్యూజన్ లాంటివి స్పెల్స్‌గానే వేస్తుంది, కాబట్టి వేస్తుండగా చూసిన విజర్డ్ కౌంటర్‌స్పెల్ వేయవచ్చు.

మ్యాజిక్ రెసిస్టెన్స్‌ను పాడుచేసినంతగా ఇంకే శక్తినీ పాడుచేయరు. దాని అర్థం ఒక్కటే: స్పెల్స్‌కూ ఇతర మ్యాజిక్ ప్రభావాలకూ ఎదురుగా వేసే సేవింగ్ త్రోలో (తప్పించుకోవడానికి వేసే ఇరవై ముఖాల డైస్, పొట్టిగా సేవ్) అడ్వాంటేజ్, అంటే రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవడం. సేవింగ్ త్రో లేని చోట దానికి పనే లేదు. స్పెల్ అటాక్ తగిలితే తగిలినట్టే. బేలర్ 262 హెచ్‌పీ (ప్రాణం లెక్క) నుంచి 150కి లేదా అంతకన్నా కిందికి దిగిందంటే పవర్ వర్డ్ స్టన్ దాన్ని సేవ్ లేకుండానే స్తంభింపజేస్తుంది. ఆ తర్వాత తన ప్రతి టర్న్ చివరా బయటపడడానికి వేసే సేవ్‌కు మాత్రం అడ్వాంటేజ్ వస్తుంది.

సేవ్ ఉన్నచోట కూడా లెక్క చూసుకోండి. స్పెల్ డీసీ, అంటే తప్పించుకోవడానికి సేవ్ చేరాల్సిన అంకె, 18 అనుకుందాం. వేరే లోకానికి వెళ్లగొట్టే బానిష్‌మెంట్ స్పెల్‌కు బేలర్ కరిష్మా సేవ్ +12, పైగా అడ్వాంటేజ్. అది ఓడేది పదహారింట ఒక వంతే. డెక్స్‌టెరిటీ (చురుకుదనం) సేవ్ +2 మాత్రమే కాబట్టి అక్కడ అడ్వాంటేజ్ ఉన్నా సగానికి పైగా ఓడుతుంది. "పనిచేయదు" అని డీఎం తేల్చేస్తే ఆ ఆటగాడు ఆలోచించి ఎంచుకున్న స్పెల్‌ను చేతిలోంచి లాక్కున్నట్టే.

"రూల్ కన్నా సీన్ బాగుండాలి" అనేవాళ్ల పద్ధతి నాకు పడదు. సింహాచలం కొండ ఎక్కే ఊరు మనది. హిరణ్యకశిపుడి వరం మనకు చిన్నప్పటి నుంచి తెలుసు: మనిషి చేతిలో గానీ మృగం చేతిలో గానీ కాదు, లోపలా బయటా కాదు, పగలూ రాత్రీ కాదు. నరసింహుడు ఆ వరాన్ని ఒక్క అక్షరం కూడా మీరలేదు. సంధ్యవేళ, గడప మీద, గోళ్లతో చంపాడు. వరాన్ని పక్కన పెట్టి చంపి ఉంటే ఆ కథ ఇన్నాళ్లు నిలిచేది కాదు. ఆటగాళ్లు డీమన్ శక్తిలో సందు వెతికి గెలవాలంటే ఆ శక్తి హద్దులు ముందు గట్టిగా ఉండాలి. ప్రతి వారం డీఎం మూడ్‌ను బట్టి మారే శక్తిలో సందు ఎక్కడ దొరుకుతుంది?

చావు పేలుడు

పై చిక్కు విడిపోతే డెత్ త్రోస్ తేలికే. బేలర్ చనిపోగానే పేలుతుంది. 30 అడుగుల లోపలి ప్రతి జీవీ డీసీ 20 డెక్స్‌టెరిటీ సేవ్ వేయాలి. ఓడితే 20డీ6 ఫైర్ డ్యామేజ్, గెలిస్తే సగం. ఇది యాక్షనూ కాదు, రియాక్షనూ కాదు, కాబట్టి స్టన్ చేసి చంపినా పేలుతుంది. మ్యాజిక్ అన్న మాట లేదు, కాబట్టి యాంటీమ్యాజిక్‌లోనూ పేలుతుంది. బానిష్ చేస్తే చావలేదు కనుక పేలదు. పాలీమార్ఫ్‌తో గొర్రెగా మార్చి ఆ గొర్రెను పడగొడితే బేలర్ రూపం తిరిగొస్తుంది తప్ప పేలుడు ఉండదు.

"ప్రతి జీవీ" అంటే డీమన్ సొంత మంద కూడా. వ్రాక్ అరుపు వర్ణనలో డీమన్లను మినహాయించారు, వినగలిగినవాళ్లకే అని కూడా రాశారు. ఇక్కడ ఆ మినహాయింపులు లేవు. ఉన్నచోట పాటించి, లేనిచోట కల్పించకుండా ఉండండి.

పడిపోయి ఉన్న స్నేహితుడిని మాత్రం మర్చిపోవద్దు. స్పృహలేనివాళ్లకు డెక్స్‌టెరిటీ సేవ్ ఆటోమేటిక్‌గా ఓటమే. సున్నా హెచ్‌పీలో ఉన్నవాడికి డ్యామేజ్ తగిలితే ఒక డెత్ సేవ్ (చావకుండా ఉండడానికి వేసే సేవ్) పోతుంది. ఆ డ్యామేజ్ అతని పూర్తి హెచ్‌పీకి సమానమైనా, దాటినా అక్కడికక్కడే చావు. సగటు పేలుడు 70. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి సత్తువ) 14 ఉన్న పదో లెవెల్ విజర్డ్ పూర్తి హెచ్‌పీ సగటు లెక్కన 62. అందుకే చివరి దెబ్బ వేసేముందు పడిపోయినవాళ్లను ఏడు గడుల అవతలికి లాగండి. ఈ సంగతి ఆటగాళ్లకు తెలియకపోతే ఆర్కేనా చెక్ (మ్యాజిక్ గురించిన తెలివికి డైస్ పరీక్ష) అడిగి తెలియజేయడం డీఎం బాధ్యత.

తీర్పు రాసుకోవడం

అయినా ఒక ప్రశ్న తెగలేదంటే, స్టాట్ బ్లాక్‌లోని వాక్యాన్ని పైకి చదవండి. రెండు వైపుల మాటా ఒక్కసారి వినండి. డీఎం తీర్పు చెప్పేశాక ఆట సాగాలి. ఆ తీర్పును తేదీతో సహా నోట్‌బుక్‌లో రాయండి. మళ్లీ అదే శక్తి వస్తే అదే తీర్పు, ఈసారి అది పార్టీకి నష్టమైనా సరే. ఆ నోట్‌బుక్ డీఎం దగ్గర ఉండకూడదు, ఆటగాళ్లలో ఒకరి సంచిలో ఉండాలి.